తదితరులు

మార్చి 8న నాకు సెలవుండదు. స్నాతకోత్సవం, వ్యవస్థాపక దినోత్సవం, న్యాక్ బృందం వచ్చే రెండు మూడు రోజులు, అంతర్జాతీయ మహిళా దినోత్సవం - ఏడాది మొత్తంలో కూర్చుని అన్నం తినడానికి కూడా నాకు తీరిక దొరకని రోజులు ఇవి. పొద్దున పదింటికి సైన్స్ కాలేజీలో సభ, పన్నెండింటికి సెనేట్ హాల్లో సభ, మూడింటికి అమ్మాయిల హాస్టల్లో ముగ్గుల పోటీ. ఎక్కడికి వెళ్ళినా ముందు దీపం. దీపం చుట్టూ ఆరుగురు పెద్దమనుషులు, వాళ్ళ మధ్య ఇరుక్కుని పట్టుచీరలో ఒకామె. కొవ్వొత్తి ఆమె చేతిలోనే ఉంటుంది. వత్తి అంటుకునేలోగా నా వెనక నుంచి ఎవరో "మేడమ్ గారూ, ఇటు కెమెరా వైపు" అంటారు. ఆమె ఇటు తిరుగుతుంది. చెయ్యి దీపం మీద, చూపు నా మీద. మర్నాడు పేపర్లో ఆ ఫోటో వస్తుంది. కింద ఇలా రాసి ఉంటుంది: 'జ్యోతి ప్రజ్వలన చేస్తున్న వీసీ. చిత్రంలో రెక్టార్, రిజిస్ట్రార్, ప్రిన్సిపాల్ తదితరులు.'

కొవ్వొత్తి పట్టుకున్న ఆవిడ ఆ 'తదితరుల్లో' ఉంది.

తెలుగు పత్రికల్లో ఈ మాటంత సౌకర్యమైన మాట ఇంకొకటి లేదు. 'తత్', 'ఇతరులు' - అంటే ఆ చెప్పినవాళ్ళు కాక మిగిలినవాళ్ళు. ఆ చెప్పేది ఎవరు, మిగిల్చేది ఎవరు? ఎన్నో ఏళ్ళుగా ఆ ఫోటోలు తీస్తున్న దాన్ని కనుక నాకు తెలుసు. ఫోటోలో ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని బట్టి కాదు, ఎంత పని చేశారన్న దాన్ని బట్టి అసలే కాదు, ఎవరి పేరు లేకపోతే ఎవరికి కోపం వస్తుందన్న లెక్కను బట్టే క్యాప్షన్ తయారవుతుంది. ఆడవాళ్ళకి కోపం వచ్చినా ఫర్వాలేదు. అందుకని వాళ్ళు తదితరులు.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. చెప్తే ఉద్యోగం ఉండదన్నది ఒక కారణం. ఏ పేరు పెట్టినా ఈ కథ పెద్దగా మారదన్నది రెండో కారణం. మాకు ఒకప్పుడు ఫోటోగ్రాఫర్ అని శాంక్షన్ అయిన పోస్టు ఉండేది. అందులో ఉన్నాయన రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. పోస్టు ఖాళీగా ఉన్నంత మాత్రాన పని ఖాళీగా ఉండదు కదా! నన్ను అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా తీసుకున్నారు. కాగితాల్లో నేను డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. జీతమూ ఆ హోదాకి వచ్చేదే. కెమెరా విశ్వవిద్యాలయానిది. దూరం నుంచి తీసే పెద్ద లెన్సు మాత్రం నాది. వాయిదాల మీద కొనుక్కున్నాను.

ఈ పని ఏమిటో చాలామందికి తెలియదు. 'క్లిక్‌మనిపించడమే కదా' అంటారు. పొద్దున ప్రజాసంబంధాల కార్యాలయానికి రాగానే ఆ రోజు కార్యక్రమాల కాగితం చేతికిస్తారు. ఒకే సమయానికి రెండు చోట్ల ఉండాలని అందులోనే రాసి ఉంటుంది. సాయంత్రం ఐదు లోపల ఫోటోలు ఎంచి, వెలుతురు సరిచేసి, ప్రెస్‌నోట్‌తో పాటు పేపర్లకి పంపాలి. అడ్మిషన్ల కాలంలో వేల సంఖ్యలో గుర్తింపు కార్డుల ఫోటోలు. పీహెచ్‌డీ వైవాలు, ఒప్పంద పత్రాలు మార్చుకోవడాలు, మొక్కలు నాటడాలు, రక్తదానాలు, సంతాప సభలు. భవనం పగిలితే ఇంజనీరింగ్ విభాగానికి ఆ పగుళ్ళ ఫోటోలు. ఇప్పుడు న్యాక్ గుర్తింపు కోసం జియోట్యాగ్ ఫోటోలు కూడా. అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం ఫోటో మీదే అచ్చయి ఉండాలి. మరుగుదొడ్డి ఉందని, ర్యాంపు ఉందని, ఆడపిల్లలకి విశ్రాంతి గది ఉందని నేనే రుజువు తీసుకురావాలి. ఆ విశ్రాంతి గది ఏడాదిలో మిగతా రోజులన్నీ తాళం వేసే ఉంటుంది. ఫోటో రోజున మాత్రం మంచం మీద కొత్త దుప్పటి పరుస్తారు. ఫోటోలో తాళం కనబడదు. అక్షాంశం మాత్రం కచ్చితంగా ఉంటుంది.

అక్కడే అసలు సంగతి ఉంది. విశ్వవిద్యాలయం ఫోటోని 'రికార్డు' అంటుంది. జరిగింది జరిగినట్టు పట్టుకునే పని అంటుంది. నేను తీసేవాటిల్లో సగానికి పైగా జరిగినవి కావు, జరిపించినవి. శాలువా కప్పేశాక, ఫోటో సరిగా రాలేదని మళ్ళీ విప్పి మళ్ళీ కప్పుతారు. జ్ఞాపిక ఇచ్చేశాక మళ్ళీ వెనక్కి తీసుకుని, ముఖం కెమెరా వైపు తిప్పి మళ్ళీ ఇస్తారు. గ్రూప్ ఫోటోకి అరగంట ముందే కుర్చీల మీద చీటీలు అంటిస్తారు. మధ్య కుర్చీ వీసీది, ఆయనకి అటూ ఇటూ ఎవరన్నది ఒక పెద్ద చర్చ. మా దగ్గర సీనియర్ మహిళా ప్రొఫెసర్లు కుర్చీల వరస చివర ఉంటారు, లేదా వెనక నిలబడతారు. అప్పుడప్పుడు 'ఒక లేడీ ఉంటే నిండుగా ఉంటుంది' అని ఎవరో ఒకావిడని పిలిచి మధ్యలో కూర్చోబెడతారు. ఆవిడ తన అర్హతతో కూర్చున్నానని అనుకుంటుంది. నిండుతనం కోసం అన్నమాట నేను విన్నాను, ఆవిడ వినలేదు.

స్నాతకోత్సవంలో బంగారు పతకాలు పళ్ళెంలో పెట్టి పట్టుకుని నిలబడటానికి ఇద్దరమ్మాయిలని ఎంపిక చేస్తారు. ఒకే ఎత్తు ఉండాలి, ఒకే రంగు చీర కట్టాలి. పతకం తీసుకునే మనిషి, ఇచ్చే మనిషి, ఇద్దరి ముఖాలూ, రెండు చేతులూ, మధ్యలో పతకం - ఇవన్నీ కలిసి దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ ఫ్రేమ్‌లో పళ్ళెం ఉంటుంది. పళ్ళెం పట్టుకున్న అమ్మాయిల మోచేతులు ఉంటాయి. మిగతా మనిషి ఉండదు. ఒక ఏడాది పతకాలు తీసుకున్నవాళ్ళలో అమ్మాయిలే ఎక్కువమంది. పేపర్లకి వెళ్ళడానికి పై అధికారి ఎంచిన ఫోటోల్లో మాత్రం గౌరవ డాక్టరేట్ తీసుకున్న పెద్దాయన ఫోటోలే ఉన్నాయి. 'అమ్మాయిలవి కూడా ఒకటి పంపుదాం సార్' అన్నాను. 'పంపమ్మా, గాల్లోకి టోపీలెగరేసేది ఒకటి తీసుకో' అన్నారు. చదివి గెలిచిన అమ్మాయి పేరు అక్కర్లేదు. ఎగిరే అమ్మాయిల గుంపు చాలు.

ఇదంతా ఎవరో చేస్తున్నారు, నేను చూస్తున్నాను అని రాస్తే అది అబద్ధం. చేస్తున్నది నేను కూడా.

2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. దేశమంతా చీపుళ్ళ ఫోటోలు. మా దగ్గరా పరిపాలనా భవనం ముందు అధికారులంతా వరసగా నిలబడ్డారు. కొత్త చీపుళ్ళు చాల్లేదు. రోజూ అక్కడ ఊడ్చే ఆడవాళ్ళ చేతుల్లోంచి వాళ్ళ చీపుళ్ళు తీసుకున్నారు. పొద్దున్నే వాళ్ళు ఊడ్చేసిన చోట శుభ్రంగా ఉందని, పక్కనున్న ఎండుటాకులు గంపతో తెప్పించి మళ్ళీ చల్లారు. చీపురు పోగొట్టుకున్న నలుగురూ పక్కన నిలబడి చూస్తున్నారు. ఆ నలుగురూ దళిత స్త్రీలే. మా ప్రాంగణంలో ఊడ్చేవాళ్ళలో వేరే కులాల వాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. వాళ్ళలో ఒకావిడ నా ఫ్రేమ్‌లో కుడివైపు అంచున పడుతోంది. "పిన్నీ, కొంచెం పక్కకి జరుగు" అన్నాను. ఆవిడ జరిగింది. జరుగుతూ, "మా చీపుర్లు మళ్ళీ ఇచ్చేస్తారంటావా అమ్మా? పోతే మా జీతంలో పట్టుకుంటారు" అంది.

ఆ ఫోటో మా వార్షిక నివేదికలో పూర్తి పేజీ అచ్చయింది. అందులో అంతా ఉన్నారు, ఊడ్చేవాళ్ళు తప్ప. ఆవిడని తదితరుల్లోకి కూడా రానివ్వకుండా ఫ్రేమ్ అవతలికి పంపింది ఏ వీసీనో కాదు. నేను. స్త్రీగా నన్ను అంచుకి నెట్టేవాళ్ళ మీద నాకున్న కోపం, నేను నెట్టినవాళ్ళ దగ్గర నాకు సిగ్గుగా మారకపోతే, ఆ కోపానికి విలువ లేదని నాకు ఆ రోజు తర్వాత చాలాకాలానికి గాని అర్థం కాలేదు.

ఇంకా పెద్ద తప్పు మరొకటి ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కొన్నేళ్ళ క్రితం చలికాలంలో మా అమ్మాయిలు హాస్టల్ గేటు గురించి ధర్నా చేశారు. అబ్బాయిల హాస్టల్‌కి గేటు వేళలు లేవు. అమ్మాయిలది ఎనిమిదింటికి మూసేస్తారు. లైబ్రరీ పదిన్నర దాకా తెరిచి ఉంటుంది. అంటే ఆ రెండున్నర గంటలు లైబ్రరీ మగపిల్లలది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు ఇలాంటి గేట్ల మీద పింజ్రా తోడ్ పేరుతో ఉద్యమం మొదలుపెట్టినప్పుడు మనమంతా మెచ్చుకున్నాం. మా అమ్మాయిలు దానికి పేరేమీ పెట్టలేదు. ఎనిమిదింటికి లోపలికి వెళ్ళకుండా పుస్తకాలు పట్టుకుని పరిపాలనా భవనం మెట్ల మీద కూర్చున్నారు, అంతే.

రాత్రి తొమ్మిదిన్నరకి నాకు ఫోన్ వచ్చింది. 'రికార్డు కోసం' వెంటనే రమ్మన్నారు. పిల్లాణ్ణి మా అత్తగారికి అప్పజెప్పి స్కూటీ మీద వెళ్ళాను. నన్ను చూసి ఆ పిల్లలు సంబరపడ్డారు. "అక్కా, బాగా తియ్యండి, రేపు పేపర్లో రావాలి" అన్నారు. ఫ్లాష్ వెయ్యకుండా వాళ్ళ సెల్‌ఫోన్ల వెలుగులోనే తీశాను. పుస్తకం మీద వెలుగు, ఆ వెలుగు తిరిగి ముఖాల మీద. ఒకమ్మాయి ఏదో జోకు చెప్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. నేను ఇన్నేళ్ళలో తీసిన వాటిల్లో మంచి ఫోటోలు ఏవని ఎవరన్నా అడిగితే ఇప్పటికీ అవే చెప్తాను. శాలువాలు లేవు, దీపాలు లేవు, కెమెరా వైపు చూడమని ఎవ్వరూ చెప్పలేదు. జరిపించినవి కావు, జరిగినవి.

మర్నాడు పొద్దున నా మెమరీ కార్డు మొత్తం తీసుకున్నారు. నన్ను ఎంచనివ్వలేదు. పేపర్లకి ఒక్కటి కూడా పంపలేదు. ఫోటోలన్నీ పెద్ద సైజులో ప్రింటు తీయించి బల్ల మీద పరిచారు. వార్డెన్‌ని పిలిచి, ముఖాల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టించి, పక్కన రూము నంబర్లు రాయించారు. ఆ మధ్యాహ్నం నుంచి ఇళ్ళకి ఫోన్లు వెళ్ళాయి. 'మీ అమ్మాయి రాత్రి బయట ఉంది' అని చెప్పారట. ఎక్కడ ఉంది, ఎందుకు ఉంది, ఎంతమందితో ఉంది అన్నది చెప్పలేదట. మన ఊళ్ళల్లో ఆ ఒక్క వాక్యం చాలు కదా!

మూడో రోజు ఒకమ్మాయి తండ్రి వచ్చాడు. జోకు చెప్పిన అమ్మాయి. ట్రంకుపెట్టె ఆటోలో పెడుతుంటే నేను అటు వెళ్తున్నాను. ఆ అమ్మాయి నన్ను చూసి ఆగింది. తిడుతుందనుకున్నాను. "అక్కా, ఆ ఫోటోలో నేను బాగా పడ్డానా?" అంది. "బాగా పడ్డావమ్మా" అన్నాను. "నాకొక కాపీ ఇస్తారా?" అంది.

ఇవ్వలేకపోయాను. నేను తీసిన ఫోటో నా దగ్గర లేదు.

ఆ అమ్మాయి చదువు మళ్ళీ మొదలైందో లేదో నాకు తెలియదు. అప్పుడు పెన్నుతో సున్నాలు చుట్టారు. ఇక ముందు పెన్ను కూడా అక్కర్లేదు. పక్కన తెలంగాణలో పోలీసులు 2018లోనే ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ని తమ సెల్‌ఫోన్లలో వాడుకలోకి తెచ్చారు. అడ్మిషన్ రోజున గుర్తింపు కార్డు కోసం నేనే తీసిన ముఖం ఒకవైపు, ధర్నాలో నేనే తీసిన ముఖం ఇంకోవైపు. రెండూ కలిపి చూడటానికి ఏ వార్డెన్ జ్ఞాపకశక్తీ అవసరం లేని కాలంలో ఉన్నాం.

ఈ సంగతి చెప్పినప్పుడు మా సహోద్యోగి ఒకాయన, "నువ్వేం చేస్తావమ్మా, తియ్యమన్నారు తీశావు. ఫోటోగ్రాఫర్‌కి అభిప్రాయం ఎందుకు?" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆలోచిస్తే నన్ను అంతకంటే ఎక్కువగా అవమానించిన మాట ఇంకోటి లేదు. నా ఫోటో బాగున్నప్పుడు అది విశ్వవిద్యాలయానిది. నా ఫోటో వల్ల ఒక పిల్ల చదువు ఆగినప్పుడు అది ఎవరిదీ కాదు. రెండు చోట్లా నేను లేను. పేరు లేకపోవడం అంటే గొప్ప రాకపోవడం ఒక్కటే కాదు. బాధ్యత తీసుకునే హక్కు కూడా లేకపోవడం. 'ఇది నేను తీశాను, దీన్ని ఇలా వాడటానికి నేను ఒప్పుకోను' అని చెప్పాలంటే ముందు 'ఇది నేను తీశాను' అనే వాక్యం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

ఆడవాళ్ళు తీసిన ఫోటోల మీద వాళ్ళ పేరు లేకపోవడం నాతో మొదలైంది కాదు. 1892లో హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ జెనానా స్టూడియో తెరిచారు. పరదాలో ఉండే స్త్రీల కోసం స్త్రీలే నడిపే స్టూడియో. దాన్ని చూసుకున్నది ఒక ఇంగ్లీషు స్త్రీ. స్టూడియో పేరు దీన్‌దయాళ్‌ది. ఆమె మాత్రం మనకి మిసెస్ కెన్నీ లెవిక్ అని భర్త ఇంటిపేరుతోనే పరిచయం. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా 1913లో పుట్టారు. తొలిరోజుల్లో ఆమె తీసిన ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల ఢిల్లీని మనం ఈ రోజుకీ చూస్తున్నది చాలావరకు ఆమె కళ్ళతోనే. 1970లో ఆమె కెమెరా వదిలేశారు. పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, తొంభై ఏడేళ్ళ వయసులో. మరుసటి ఏడాది జనవరిలో చనిపోయారు. అంత పెద్ద ఫోటోగ్రాఫర్ పేరు అందరి నోటికీ రావడానికే అన్నేళ్ళు పడితే, ముగ్గుల పోటీ ఫోటోలు తీసే మాలాంటి వాళ్ళ సంగతి ఎవరికి పట్టింది?

'నువ్వు జీతం తీసుకుంటున్నావు కదా, ఫోటో సంస్థది' అనేది ఎప్పుడూ వినే వాదన. సరే, చట్టం ఏమంటుందో చూద్దాం. 1957 కాపీరైట్ చట్టంలో రెండో సెక్షన్ ప్రకారం ఫోటోకి కర్త దాన్ని తీసిన మనిషి. తీయించినవాళ్ళు కాదు, కెమెరా కొన్నవాళ్ళు కాదు. పదిహేడో సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, కాపీరైట్‌కి మొదటి హక్కుదారు యజమాని. ఒప్పుకుంటాను. యాభై ఏడో సెక్షన్ ఇంకో మాట చెప్తుంది. కాపీరైట్ చేతులు మారినా సరే, ఇది నా పని అని చెప్పుకునే హక్కు, తన పేరుప్రతిష్ఠలు దెబ్బతినేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కర్తకే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం పీకి పక్కన పడేస్తే, ఆయన కోర్టుకి వెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. డబ్బిచ్చి కొన్నది ప్రభుత్వమే అయినా, చేసిన మనిషికి తన పనితో ఉన్న సంబంధం తెగదంది.

ఇంతకీ నా యజమాని ఎవరు? పని చెప్పేది విశ్వవిద్యాలయం. జీతం వేసేది నా కెమెరాని ఎన్నడూ చూడని ఏజెన్సీ. జీతం పెంచమంటే విశ్వవిద్యాలయం ఏజెన్సీని అడగమంటుంది. ఫోటో మీద పేరు వెయ్యమంటే 'నువ్వు మా ఉద్యోగివి, ఫోటో మాది' అంటుంది. నేను వాళ్ళ ఉద్యోగిని అయ్యేది ఈ ఒక్క వాక్యంలోనే.

ఇంతవరకూ చదివి మీలో చాలామంది తల ఊపి ఉంటారు. పరిపాలన గురించి, వీసీల గురించి రాసినప్పుడు తల ఊపడం తేలిక. ఇప్పుడు మీ గురించి.

స్త్రీల మీద మీరు పెట్టే సదస్సులకి నేను వస్తాను. రెండు రోజులూ నిలబడే ఉంటాను. ఒక సదస్సులో విషయం స్త్రీల అదృశ్య శ్రమ. వంటింటి శ్రమకి లెక్క లేదని, జనాభా లెక్కల్లో పొలం పనికి వెళ్ళే స్త్రీ కూడా గృహిణిగానే నమోదవుతుందని చాలా బాగా మాట్లాడారు. నాకూ కళ్ళు చెమర్చాయి. అంతలో ఒక మేడమ్ నా వైపు చెయ్యి ఊపి, "నువ్వు అడ్డం వస్తున్నావు, స్లైడ్ కనబడటం లేదు" అన్నారు. పక్కకి జరిగాను. పిన్నిని జరగమన్నప్పుడు ఆవిడ జరిగినట్టే జరిగాను. ఆరు నెలలకి ఆ సదస్సు వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి. అట్ట మీద నేను తీసిన ఫోటో. లోపల పదకొండు ఫోటోలు నావే. సంపాదకుల పేర్లున్నాయి, డీటీపీ చేసిన వారి పేరుంది, అట్ట డిజైన్ చేసిన వారి పేరుంది, ప్రెస్సు పేరుంది. నా పేరు లేదు. 'ఫోటోలు: విశ్వవిద్యాలయ సౌజన్యంతో' అని ఉంది. అచ్చువేసిన ప్రెస్సు పేరు పుస్తకం మీద ఉండి తీరాలని 1867లో బ్రిటిష్ వాళ్ళు చట్టం చేశారు. రేపు రాజద్రోహం నేరం మోపాలంటే ఎవర్ని పట్టుకోవాలో తెలియాలి కనుక చేశారు. గౌరవం కోసం పేరు వెయ్యమని ఏ చట్టమూ బలవంతం చెయ్యక్కర్లేదనుకున్నాను. అందులోనూ స్త్రీవాదుల పుస్తకానికి!

అడిగాను. "అయ్యో, తోచలేదమ్మా" అన్నారు. నిజమే, తోచలేదు. మన ఇళ్ళల్లో మగవాళ్ళు కూడా ఇదే చెప్తారు. అన్నం వండిన మనిషి తిన్నదో లేదో వాళ్ళకి తోచదు. ఆ తోచకపోవడం గురించే కదా మీరు రెండు రోజులు మాట్లాడింది.

మీ పుస్తకాల వెనక అట్ట మీద మీ ఫోటోలున్నాయి. వాటిల్లో కొన్ని నేను తీసినవి. గడ్డం కొంచెం కిందికి దించమని, కళ్ళజోడు మీద పడే వెలుతురు తప్పించమని, 'మీ కవిత గురించి ఆలోచించండి మేడమ్' అని చెప్పి తీసినవి. అవార్డు వచ్చినప్పుడు పేపర్లో వేసింది, ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నది ఆ ఫోటోనే. మీ కవితలో ఒక పాదం ఎవరన్నా పేరు లేకుండా వాడుకుంటే మీరు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. నా పని మాత్రం గాలీ వెలుతురూ లాగా ఉచితంగా, పేరు లేకుండా దొరుకుతుందని ఎందుకు అనుకుంటారు? రాసేది మేధ, ఫోటో తీసేది చేతిపని అన్న ఈ విభజన ఎక్కడి నుంచి వచ్చిందో మీకు నేను చెప్పాలా? చేతిపనిని కింద పెట్టిన వ్యవస్థకి ఈ దేశంలో ఏం పేరుందో అందరికీ తెలుసు.

పేరు వేస్తే అన్నీ సర్దుకుంటాయా అంటే, సర్దుకోవు. ఆ రాత్రి ఫోటోల కింద నా పేరున్నా మెమరీ కార్డు లాక్కునేవాళ్ళేమో. రేపటి నుంచి రావద్దంటే చెల్లిపోయే ఉద్యోగంలో ఉన్న మనిషి 'ఇవ్వను' అని ఎంత గట్టిగా అనగలదు? అందుకే నేను అడిగేది పేరు ఒక్కటే కాదు. ఖాళీగా పడి ఉన్న ఆ పోస్టుని నింపండని అడుగుతున్నాను. విద్యార్థుల సభల్లో, ధర్నాల్లో తీసిన ఫోటోలని క్రమశిక్షణ చర్యలకి వాడకూడదని రాతపూర్వకంగా నియమం పెట్టమని అడుగుతున్నాను. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఏ ఫోటో ఇచ్చాం అని రాసిపెట్టే ఒక రిజిస్టరు ఉండాలని అడుగుతున్నాను. స్టోర్‌లో చీపురు ఇస్తే రిజిస్టర్లో సంతకం పెట్టించుకునే విశ్వవిద్యాలయం, రెండొందల మంది ఆడపిల్లల ముఖాలు ఇచ్చినప్పుడు ఒక్క సంతకం కూడా అడగదు!

ఇవి నేను ఒక్కదాన్నీ అడిగితే ఏజెన్సీకి ఒక ఫోన్ వెళ్తుంది, నా బదులు ఇంకో డేటా ఎంట్రీ ఆపరేటర్ వస్తుంది. మీరు అడిగితే వినక తప్పదు. మీలో అకడమిక్ సెనేట్‌లో ఉన్నవాళ్ళున్నారు, పాలకమండలిలో ఉన్నవాళ్ళున్నారు, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలకి అధ్యక్షులుగా ఉన్నవాళ్ళున్నారు. ఆ బల్ల మీద ఫోటోలు పరిచి సున్నాలు చుట్టిన రోజున ఆ గదిలో ఇద్దరు మహిళా ప్రొఫెసర్లు కూడా కూర్చుని ఉన్నారు. వాళ్ళు సున్నాలు చుట్టలేదు. ఏమీ అనలేదు కూడా.

నా వంతుగా నేను చెయ్యగలిగింది కొంచెం మొదలుపెట్టాను. ప్రెస్‌నోట్‌కి ఫోటో పంపేటప్పుడు క్యాప్షన్లో ఆడవాళ్ళ పేర్లు అడిగి రాసి పంపుతున్నాను. డెస్కులో చాలాసార్లు కొట్టేస్తున్నారు, అప్పుడప్పుడు ఉంచుతున్నారు. ఊడ్చేవాళ్ళనీ అటెండర్లనీ పక్కకి జరగమనడం మానేశాను. అంచున పడితే పడనిస్తున్నాను. కిందటి వార్షిక నివేదికకి పంపిన ఒక ఫోటోలో పిన్ని ఉంది. అచ్చులో ఉంటుందో క్రాప్‌లో పోతుందో అని చూశాను. సగం ఉంది. ఒక భుజం, చీపురు పట్టుకున్న చెయ్యి. తీసుకెళ్ళి చూపిస్తే, "ఇది నా చెయ్యేనే!" అని ముక్కున వేలేసుకుంది. తర్వాత, "ముఖం ఎప్పుడేస్తారు?" అని అడిగింది.

మళ్ళీ మార్చి 8 వస్తుంది. నేనూ వస్తాను, రాక తప్పదు. మీరు వేదిక మీద ఉంటారు. దీపం దగ్గర ఎవరో మిమ్మల్ని కెమెరా వైపు తిరగమంటారు. తిరగకండి. దీపం వైపే చూస్తూ వెలిగించండి, ఫోటో నేను తీసుకుంటాను. సభ అయ్యాక కిందకి దిగి వచ్చి నా పేరేమిటో అడగండి. ఇన్నేళ్ళుగా నన్ను 'ఫోటో అమ్మాయి' అంటున్నారు. నాకిప్పుడు నలభై నాలుగేళ్ళు.